పిన్ని పెట్టిన సగం చార్జింగు

మా పిన్నికి విమానాలంటే ఇష్టం లేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను. దుకాణంలో ఆమె వెనక అరలో వరసగా పెట్టిన రేడియోలు చూసినవాళ్లంతా ఆవిడకి అదేదో పిచ్చి ఉందనుకుంటారు. పిచ్చి బాబాయిది. పిన్నిది చార్జింగు మాత్రమే.

పిన్ని పనిచేసేది బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే దుకాణంలో. ఇరుకు దుకాణం. ముందు కౌంటరు, వెనక వాషింగ్ మిషన్లు, రెండు డ్రయ్యర్లు, కిటికీ పక్కన కాలిన మచ్చల గుడ్డ పరిచిన ఇస్త్రీ బల్ల. ఇస్త్రీపెట్టెను చెంపకి జానెడు దూరంలోకి తెచ్చుకుని అది పట్టుకి పనికొస్తుందో, నూలుకి పనికొస్తుందో చెప్పేస్తుంది. పెట్టెకి ఉన్న అంకెల చక్రం వంక చూడగా నేనెప్పుడూ చూడలేదు. అక్కడి మూటలు ఇళ్లకి చేర్చే వ్యాను నాది. కాలేజీ మానేశాక దొరికిన మొదటి పని, ఇప్పటిదాకా మానని పని కూడా ఇదొక్కటే.

బాబాయి బస్సు డ్రైవరు. డిపోలో ఏటా చేసే కళ్ల పరీక్షలో ఒకసారి ఎడమ కంటికి పక్కచూపు పోయిందని తేలింది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కనుంచి వచ్చేది కనిపించదు. చుక్కల మందు వేసుకుంటే ఉన్న చూపు నిలుస్తుంది గానీ, పోయింది తిరిగిరాదన్నారు. స్టీరింగ్ నుంచి దింపి గేటు దగ్గర కుర్చీ వేశారు. లోపలికొచ్చే బస్సుల నంబర్లు రాసుకోవడం పని. ఆ కొత్తలో ఆయన ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. కుర్చీలో కూర్చుని, వీధిలో హారన్ వినపడినప్పుడల్లా కుడికాలితో నేలను తొక్కేవాడు. పిన్ని అది చూసి వంటగదిలోకి వెళ్లిపోయేది.

ఆయన్ని కుర్చీలోంచి లేపింది విమానాలే. తేలిక చెక్కతో, సన్నటి ప్లాస్టిక్ తొడుగుతో స్వయంగా చేసుకున్నవి. రెండు చేతులూ చాపితే ఎంతుంటుందో అంత రెక్క. ఊరి బయట ఖాళీ మైదానంలో ఆదివారం పొద్దున ఆ పిచ్చి ఉన్నవాళ్లంతా చేరతారు. అక్కడ బాబాయిని కళ్ల పరీక్ష గురించి అడిగినవాడు లేడు. ఆయనా చెప్పలేదు. గేటు డ్యూటీ గురించి ఎవరైనా అడిగితే, "సీనియారిటీ మీద ఇచ్చారు, నీడపట్టున ఉంటుంది" అనేవాడు.

విమానాన్ని కింద నుంచి నడిపే పెట్టె పేరు ట్రాన్స్‌మిటరు. మైదానంలో అందరూ రేడియో అనే అంటారు. బొటనవేళ్లతో కదిపే రెండు పుల్లలు, పైకి లాగే ఏరియల్, ముందువైపు ఒక సూది. లోపల ఎనిమిది సెల్స్ కలిపి చుట్టిన ప్యాకు. సూది పైన ఉంటే చార్జింగు ఉన్నట్టు. ఎర్ర గీతకి దిగితే రేడియో పిప్ పిప్ అని అరుస్తుంది. అరిచాక కొద్ది నిమిషాలే గడువు, ఆలోపు విమానాన్ని నేలకి దించుకోవాలి.

ప్యాకు నిండటానికి గోడ చార్జర్ మీద పొద్దున్నుంచి దుకాణం మూసేదాకా పడుతుంది. మనుషుల్లేని ఇంట్లో అంతసేపు వదలడం మంచిది కాదని బాబాయి తన రేడియోని దుకాణంలో పెట్టించాడు. గంజిసీసాల పక్కన అర, అరకింద ప్లగ్గు. అది చూసి మైదానంలో మిగతావాళ్లూ శనివారం పొద్దునే తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. "అక్కా, నాదీ కాస్త పెట్టు" అని ఒకడు, "అమ్మా, చొక్కాలతోపాటు దీన్నీ ఉంచండి" అని ఇంకొకాయన. పిన్ని ఎవరికీ కాదనలేదు. రెండు రకాల రేడియోలకి ప్లగ్గు ఒకేలా ఉంటుంది, లోపల ప్లస్సూ మైనస్సూ తిరగబడి ఉంటాయి. ఒకదాని చార్జర్ ఇంకోదానికి గుచ్చితే ప్యాకు గోవిందా. బట్టలకి గుర్తు కట్టే దారాలే పిన్ని వాటికీ కట్టింది. ఎరుపుకి ఎరుపు, నీలానికి నీలం. మధ్యమధ్యలో రేడియో వీపు మీద చెంప ఆనించి చూసేది. గోరువెచ్చన దాటితే ప్లగ్గు తీసేసేది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక ఆమె చేసిన మోసం.

బాబాయి ఎగరేస్తుంటే పిన్ని మైదానంలోని పందిరి కింద కూర్చుని చొక్కా గుండీలు కుట్టుకునేది. తల ఎత్తదనే మేమంతా అనుకున్నాం. ఆమె చూస్తున్నది విమానాన్ని కాదు, బాబాయి మెడని. విమానం దగ్గర్లో, చెట్టెత్తులో తిరిగినంతసేపూ మెడ నిదానంగా తిరిగేది. కాసేపటికి ఆయనకి హుషారు పుట్టి పైకి తీసుకెళ్లేవాడు. అక్కడ విమానం చుక్కంత అయ్యి ఎడమవైపు జారితే మెడ ఒక్కసారిగా అటూ ఇటూ కొట్టుకునేది. బొటనవేళ్లు ఆగిపోయేవి. రెండు సార్లు ఆ విమానం తన మంచితనం కొద్దీ తిన్నగా ఎగిరి మళ్లీ ఆయన కంట పడింది. దాని బరువు రెండు ఇటుకలంత. మైదానం పక్కనే దారి, దారిలో మనుషులు.

"ఇక దించండి, చాలు" అంది పిన్ని ఓ రోజు.

"నీ ఇస్త్రీకి నేనెప్పుడైనా అడ్డొచ్చానా?" అన్నాడు బాబాయి.

సెక్రటరీ చెప్పినా అంతే. మైదానానికి ఓ సెక్రటరీ ఉన్నాడు, మందుల షాపాయన. "కాస్త ఎత్తు తగ్గించండి సార్" అంటే, "నేను చూసుకుంటాగా" అనేవాడు. కానీ రేడియో పిప్‌మంటే మాత్రం మరో మాట లేదు. మధ్యలో ఏ విన్యాసం చేస్తున్నా ఆపేసి, తిన్నగా తెచ్చి దించేవాడు. ఎర్ర దీపం పడ్డాక బస్సు కదిలించని మనిషి ఆయన. పిన్ని అది పట్టేసింది.

ఆ తర్వాత శనివారం నుంచి బాబాయి రేడియోకి వేరే లెక్క. ముందు దాన్ని ఆన్ చేసి అరలో పెట్టి, సూది దిగి పిప్‌మనేదాకా వదిలేసేది. ప్యాకుని అప్పుడప్పుడూ పూర్తిగా దించి ఎక్కించాలి, లేకపోతే సెల్స్‌కి బద్ధకం వస్తుందని నేర్పింది బాబాయే. దించాక చార్జర్ గుచ్చి, రెండు లోడ్ల దుప్పట్లు డ్రయ్యర్లో ఆరేదాకా ఉంచి తీసేసేది. మొదటిసారి ఒక లోడే ఉంచితే విమానం ఎగరకముందే పిప్‌మంది. మూడు లోడ్లు మరీ ఎక్కువైంది. రెండు సరిపోయింది. బాబాయికి హుషారు పుట్టి, పైకి పోవడానికి పుల్ల వెనక్కి లాగబోయే సమయానికి రేడియో అరిచేది.

బాబాయి పిన్నిని ఏమాత్రం అనుమానించలేదు. తప్పంతా ప్యాకుదే అన్నాడు. అది అమ్మిన షాపతని మీద పడ్డాడు. ఆ గొడవ నేను కళ్లారా చూశాను.

"ఇది ప్యాకా, కొబ్బరి చిప్పా? ఇట్టే ఖాళీ అయిపోతోంది!"

"అన్నా, ఈ సెల్స్ నేను చేసినవి కావు."

"అమ్మింది నువ్వేగా? దొంగసరుకు!"

"పోనీ వదినగారిని అడగండి, రోజంతా పెడుతున్నారా లేదా?"

పిన్ని పక్కనే నిలబడి ఉంది. "పెడుతున్నానండీ" అంది. అతను నోరుమూసుకుని కొత్త ప్యాకు ఇచ్చాడు. కొన్నాళ్లకి దాన్నీ మార్చాడు.

ఆ ఏడాదంతా అలాగే నడిచింది. తర్వాత ఒక శనివారం ఏదో ఆస్పత్రి పరదాలన్నీ ఒకేసారి దుకాణంలో దిగాయి. వాటి తడిలో, ఆవిరిలో పడి పిన్ని ప్లగ్గు తీయడం మర్చిపోయింది. మర్నాడు వ్యానులో బాబాయి ఒళ్లో ఉన్న రేడియోని ఆన్ చేసి చూసుకున్నాడు. సూది పైకంటా లేచి నిలబడింది. "చూశావా, నిండితే ఎలా ఉంటుందో! ఇవాళ మేఘాల దాకా పోతాను" అన్నాడు. ఆఫ్ చేశాడు. వెనక సీట్లో పిన్ని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఇక్కడ క్లిప్పుల సంగతి చెప్పాలి. కొత్త రకం రేడియోలకి ఈ గొడవ లేదు గానీ, మా మైదానంలో పాతవాళ్లు పాతవి వదలరు. ఆ పాత రేడియోలు ఒక్కోటి ఒక్కో నంబరు మీద పనిచేస్తాయి. ఒకే నంబరు రేడియోలు రెండు ఒకేసారి ఆన్ అయితే, ఒక స్టీరింగుని ఇద్దరు డ్రైవర్లు పట్టుకున్నట్టే, విమానం ఇద్దరి మాటా వినదు. అందుకని పందిరి స్తంభానికి ఒక పలక కొట్టి, నంబరుకో బట్టల క్లిప్పు తగిలించారు. క్లిప్పు చొక్కాకి పెట్టుకున్నవాడే స్విచ్ వేయాలి. ఆ క్లిప్పులు పిన్ని దుకాణంలోంచి ఇచ్చినవే.

బాబాయిదీ మంగలిదీ ఒకటే నంబరు. ఆ మంగలిని అందరూ కత్తెర అంటారు, బాబాయితో సహా. ఆ రోజు క్లిప్పు ముందుగా కత్తెర తీసుకున్నాడు. బాబాయి రేడియోని వ్యానులో ఉంచి, పందిరి కిందికెళ్లి, "త్వరగా దించరా, గడ్డం గీసినట్టు గంటలు గంటలు ఎగరేస్తావేం" అని కేకలేస్తున్నాడు.

పిన్ని వ్యాను దగ్గరే ఉండిపోయింది. ఆమె బుర్రలో ఒకటే ఆలోచన: సూది దిగాలి. బాబాయి వంతు వచ్చేలోపు కొంతైనా దిగాలి. స్విచ్ వేసి, ఏరియల్ పైకి లాగకుండా, రేడియో మీద తువ్వాలు కప్పి తలుపు చేరేసింది. దుకాణంలో ఎన్నో శనివారాలు అలాగే చేసింది, ఎవరికీ ఏమీ కాలేదు. దుకాణం మీద విమానాలు ఎగరవు మరి. పలకనీ, క్లిప్పునీ ఆమె తలచుకోనే లేదు.

ఏరియల్ ముడిచి ఉంటే రేడియో దూరం పోదు. నిజమే. కత్తెర విమానం మైదానం అవతల ఉన్నంతసేపూ బాగానే ఉంది. దించడానికని అది చుట్టు తిరిగి, ఆపి ఉంచిన బళ్ల మీదుగా వచ్చింది. వ్యాను దగ్గరికి రాగానే ఒక రెక్క ఎత్తి, వెల్లకిలా తిరిగింది.

"పోయింది! నా చేతిలో లేదు!" అని అరిచాడు కత్తెర. పుల్లలు ఎటు లాగినా అది వినలేదు. వ్యాను మీదుగా దూసుకెళ్లి ప్రహరీ గోడకి కొట్టుకుంది. రెక్క చెక్కముక్కలైపోయింది. అదృష్టం, అక్కడ మనుషుల్లేరు.

"ఎవరిది ఆన్‌లో ఉంది? అందరూ చెయ్యి తియ్యండి!" అని సెక్రటరీ పరుగెత్తుకొచ్చాడు. ఒక్కొక్కరి రేడియో చూసుకుంటూ వచ్చి వ్యాను తలుపు తీశాడు. తువ్వాలు ఎత్తాడు.

"నేను ముట్టుకోలేదు" అన్నాడు బాబాయి.

సెక్రటరీ స్విచ్ ఆపేశాడు.

"పొద్దున సూది చూశాను... ఆఫ్ చేశాననే అనుకుంటున్నాను." అన్నాడు మళ్లీ.

సెక్రటరీ ఆయన భుజం మీద చెయ్యేశాడు. "పర్లేదు సార్. వయసు మీద పడ్డాక అందరికీ అవుతుంది."

తిట్టినా బాగుండేది. బాబాయి కత్తెర దగ్గరికెళ్లి అతని చొక్కాకున్న క్లిప్పు తీసి, పలక మీద పెట్టి, వ్యానెక్కి కూర్చున్నాడు. "పద" అన్నాడు నాతో. దారంతా పిన్ని ఆ తువ్వాలునే మడిచి విప్పుతూ కూర్చుంది. భయపడిందేమో అనుకున్నాను. అసలు సంగతి అప్పటికి నాకూ తెలియదు.

ఆ తర్వాత బాబాయి మైదానానికి రానన్నాడు. పిన్ని కోరుకున్నది సరిగ్గా అదే. కళ్లు కనపడని మనిషి చేతిలో విమానం లేదు, దారిన పోయేవాళ్ల నెత్తికి గండం లేదు. నోరు మూసుకుంటే అయిపోయేది. పాపం ఆమె మూసుకునే ఉంది కొన్నాళ్లు.

కానీ బాబాయి అక్కడితో ఆగలేదు. ఆయన తన బుర్ర మీదే నమ్మకం పోగొట్టుకున్నాడు. తాళం వేసి వీధి చివరిదాకా పోయి మళ్లీ వచ్చి లాగి చూసేవాడు. గ్యాసు కట్టేశానా అని అడిగి, కట్టేశారంటే, అయినా లేచి చూసేవాడు. డిపో గేటు దగ్గర బస్సు నంబరు రాసి, డ్రైవర్ని ఆపి, "ఇదేగా నీ నంబరు?" అనేవాడట. ఒకరోజు పిన్ని ఇంటికొచ్చేసరికి కంటి మందు సీసా పట్టుకుని కూర్చున్నాడు.

"వేసుకున్నానో లేదో గుర్తులేదు. అందుకని మళ్లీ వేసుకున్నాను. ఆ తర్వాత అనుమానమొచ్చి మళ్లీ..." అన్నాడు.

మర్నాడు మూటలు దించడానికి నేను దుకాణానికి వెళితే బాబాయి అక్కడే ఉన్నాడు. పెద్ద దుప్పట్లు మడవడానికి పిన్నికి ఇంకో మనిషి కావాలి. ఇద్దరూ చెరో అంచూ పట్టుకుని, దగ్గరికొచ్చి, కొసలు కలిపి, మళ్లీ వెనక్కి జరుగుతున్నారు.

"ఏమండీ, ఆ రోజు రేడియో ఆన్ చేసింది నేను."

"ఓదార్చక్కర్లేదులే" అన్నాడు బాబాయి దుప్పటి దులుపుతూ.

"ఓదార్పు కాదు. సూది దిగాలని ఆన్ చేశాను."

"నిండిన ప్యాకుని దించడం దేనికి?"

"నిండింది కాబట్టే."

ఆయన ఆగిపోయాడు. పిన్ని మాత్రం తన కొసలు తెచ్చి ఆయన చేతిలో పెట్టి, మడత అందుకుని, అన్నీ చెప్పింది. దుప్పట్ల లోడ్లు, పిప్పులు, ఏడాది సంగతి. చెబుతూ ఆ దుప్పటి పూర్తిగా మడిచేసింది. నేను మూట పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"అయితే ప్యాకు బాగానే ఉందా?"

"బంగారంలా ఉంది."

"అంతకు ముందుదీ?"

"అదీ."

"షాపువాణ్ణి దొంగన్నాను కదే!"

"విన్నాను."

"పక్కనే ఉండి మరీ విన్నావు!"

"మరి అప్పట్నుంచీ ఆయన చొక్కాలన్నీ ఊరికే ఇస్త్రీ చేసిస్తున్నాగా."

బాబాయికి కోపం వచ్చిందో నవ్వొచ్చిందో ముఖం చూస్తే తేలలేదు. "నాకు కనపడదని నీకు ఎవరు చెప్పారు? నాకు శుభ్రంగా కనిపిస్తుంది" అన్నాడు.

"సరే, నన్నే చూడండి. కళ్లు కదపకండి. ఇప్పుడు నా చేతిలో ఏముంది?"

బాబాయి పిన్ని ముఖంలోకి చూస్తూ అడిగాడు. "ఏ చెయ్యి? చెయ్యెక్కడ పెట్టావు?"

ఆమె కుడిచేతిలో, ఆయనకి ఎడమపక్కన, చొక్కా హ్యాంగరు పట్టుకుని ఉంది. నాకు గుమ్మం దగ్గర్నుంచే కనిపిస్తోంది. పిన్ని హ్యాంగరు దించేసి ఇంకో దుప్పటి తీసింది. బాబాయి దాని అంచు అందుకోలేదు. వెళ్లిపోయాడు.

ఆయన ఇంట్లో మాట్లాడకుండా ఉంటాడనుకున్నాను. శనివారం పొద్దున రేడియో చార్జర్ అడిగి తీసుకుని, ఇంట్లోనే కూర్చుని, సాయంత్రందాకా దానికి కాపలా కాశాడు. ఆదివారం వ్యానెక్కుతూ, "ఆవిడని కూడా రమ్మను" అన్నాడు నాతో, పిన్ని పక్కనే ఉన్నా.

పందిరి కింద అందరూ ఉన్నారు. బాబాయి నిలబడి చెప్పాడు. "ఆ రోజు రేడియో ఆన్ చేసింది మా ఆవిడ. నా బుర్ర బాగానే ఉంది. పోయింది ఎడమ కన్ను. బస్సు నుంచి దింపింది అందుకే. సీనియారిటీ లేదు, పాడూ లేదు." ఎందుకు ఆన్ చేసిందో కూడా చెప్పాడు. దాచలేదు.

ముందుగా తేరుకుంది కత్తెర. "అంటే అమ్మా, ప్రతి శనివారం నా రేడియో కూడా మీకే ఇచ్చాను. నాదీ సగమేనా?"

"అవును, మాదో?" అన్నాడు ఇంకొకడు. అందరూ పిన్ని వైపు తిరిగారు.

"మీ కళ్లు బాగానే ఉన్నాయిగా. మీకెందుకు సగం?" అంది పిన్ని. ఎవరో నవ్వారు. కత్తెర నవ్వలేదు. గోడకి కొట్టుకున్న విమానం కోసం అతను రెండేళ్లు కష్టపడ్డాడు. ఆ తర్వాత మరి తన రేడియో పిన్నికి ఇవ్వలేదు. ఇంకొందరూ మానేశారు. అరలో ఇప్పుడు గంజిసీసాలకి బోలెడు చోటుంది. వాళ్ల తప్పేమీ లేదు.

సెక్రటరీ గొంతు సవరించుకుని, పక్కన కళ్లున్న మనిషి నిలబడితేనే ఎగరెయ్యాలన్నాడు. ఎవరు నిలబడతారని అడగబోతే బాబాయి అప్పటికే కత్తెర దగ్గరికెళ్లాడు. "నీ రెక్క నేను చేసిస్తాను. అయ్యేదాకా నాది ఎగరెయ్. నంబరు ఒకటేగా. నేను ఎగరేసేటప్పుడు నువ్వు నా పక్కన నిలబడు."

"మీ పక్కనా?" అన్నాడు కత్తెర. తర్వాత క్లిప్పు తెచ్చి బాబాయి చొక్కాకి కాస్త గట్టిగానే పెట్టాడు.

బాబాయి ఎగరేశాడు. చెట్టెత్తులో చాలాసేపు తిప్పాడు. ప్యాకు నిండుగా ఉంది, రేడియో అరవలేదు. పిన్ని చేతిలో గుండీ పని లేదు, ఊరికే నిలబడి ఉంది. ఆయన పుల్ల వెనక్కి లాగాడు. విమానం పైకి పోయింది. చిన్నదైంది. ఎడమవైపు వాలింది.

మెడ కొట్టుకోబోయింది. ఆగింది.

"నాకు కనపడట్లేదు" అన్నాడు బాబాయి. మామూలు గొంతుతోనే అన్నాడు, పందిరిదాకా వినపడేట్టు. రేడియోని పక్కకి చాపాడు. "పట్టుకో."

కత్తెర అందుకున్నాడు. విమానాన్ని చుట్టు తిప్పి, కిందికి తెచ్చి దించాడు. దించడం కాస్త గట్టిగానే అయింది, ఒక చక్రం వంకర పోయింది.

"అలాగేనా దించేది? బస్తా పడేసినట్టు!"

"గాలి సార్."

"గాలేంటి? ఆకు కదలట్లేదు."

"చక్రం నేను సరిచేస్తాలెండి. మీరు ముందు నా రెక్క సంగతి చూడండి."

"చూస్తానన్నాగా" అని బాబాయి విమానం తేవడానికి నడిచాడు. పిన్ని వెనకే వెళ్లి, ఎడమపక్కగా కలిసింది.